రెండోసారి అడిగే దేశం

మా కాక, అంటే చిన్నాన్న, గంగారాం భూటాన్ దేశంలో రెండేళ్ళు రోడ్డు పని చేసి వచ్చాడు. అలాంటి దేశమే లేదనీ, ఆ రెండేళ్ళూ ఎక్కడో జైల్లో ఉండి వచ్చి కథలు చెబుతున్నాడనీ మా చుట్టుపక్కల ఊళ్ళు తేల్చేశాయి. అలా తేల్చడం వల్ల ఆయనకు కుదిరిన పెళ్ళి చెడిపోయింది. మరో పెళ్ళి కుదరలేదు. పోయిన వానాకాలంలో నాందేడ్‌లో, మా ఇంట్లో, నా కళ్ళ ముందు ఆయన కన్నుమూసేదాకా ఒక్కడంటే ఒక్కడు వచ్చి "తప్పయింది గంగారాం" అనలేదు. ఇది అన్యాయం. ముందు ఈ మాట రాసిపెట్టి మిగతాది తరువాత చెబుతాను. ఎందుకంటే మిగతాది మొదలుపెడితే నాకే నవ్వు వస్తుంది, నవ్వు వచ్చాక కోపం నిలవదు. ఈ కోపాన్ని నేను ఇన్నేళ్ళుగా జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చాను.

కాక పోయిన కొన్నాళ్ళకు, ఒక ఆదివారం పొద్దున మా మనుమరాలు శ్రావణి చాయ్ తాగుతూ, కిన్వట్ దాకా పోయి వస్తానన్నంత తేలికగా అంది: "తాతా, మేం ఆఫీసోళ్ళం నలుగురం భూటాన్ పోతున్నం." నా చేతిలో కప్పు చేతిలోనే ఉండిపోయింది. "ఉన్నదా అది?" అన్నాను. అది పకపకా నవ్వింది. "లేని దేశానికి టికెట్లు ఇస్తరా తాతా?" నిజమే. ఉందని నాకూ తెలుసు. పేపర్లలో చదివాను, టీవీలో చూశాను. ఊళ్ళో వాళ్ళకూ తరువాత తెలిసింది. తెలిసినా, "పేరు ఎవడో మిలిటరీవోడు జైల్ల చెప్పి ఉంటడు" అన్నారే గాని తమ మాట వెనక్కి తీసుకోలేదు. నా భయం దేశం గురించి కాదు. కాక చెప్పిన దేశమూ ఈ దేశమూ ఒకటేనా అని. ముఖ్యంగా ఆయన చెప్పిన ఒక పద్ధతి, ఏ పద్ధతి వల్ల ఆయన పెళ్ళి చెడిందో ఆ పద్ధతి, అక్కడ నిజంగా ఉందా లేదా అని. లేకపోతే? ఉందని అందరితో పోట్లాడిన వాణ్ణి నేను. ఆయన పోయాక ఇప్పుడు అది లేదని తేలితే నేనేం చేయాలి? ఆ చాయ్ చల్లారిపోయింది.

భయపడ్డప్పుడు కూర్చుని రాయడం నాకు అలవాటు. నేను బడికి వెళ్ళింది తక్కువ. మా ఊరి బడి మరాఠీ బడి. రెండు తరగతులు కాగానే ఎడ్ల వెంట తోలారు. తెలుగు అక్షరాలు బెల్లం పొట్లాల మీద నేర్చుకున్నాను. భైంసా బజారు నుంచి వచ్చే సరుకులు పాత తెలుగు పేపర్లలో చుట్టి ఉండేవి. ఎవరో చింపిన సగం వార్త చదివి మిగతా సగం నేనే ఊహించుకుంటూ చదువుకున్నవాణ్ణి. కాబట్టి శ్రావణికి ఆ దేశం గురించి రాసివ్వడానికి నాకు దేశం చూడనక్కర్లేదు, సగం తెలిస్తే చాలు. కాక నోట విన్నదంతా కాగితాల మీద పెట్టి, "ఇది దగ్గర పెట్టుకో. ఇందులో ఏది నిజమో, ఏది కాదో చూసి వచ్చి చెప్పు" అన్నాను. అది చదివి, "తాతా, గిది ఇంటర్నెట్ల పెడ్తే మస్తు నడుస్తది" అంది. ఇంటర్నెట్‌లో ఎందుకు, ఇక్కడే పెడతాను.

ఆ దేశానికి తలుపు ఉంటుంది. కాక మొదట చెప్పేది అదే. ఇవతల మన బజారు, హారన్లు, అరుపులు, పాన్ డబ్బాలు, కొట్లాటలు. ఒక పెద్ద రంగుల కమాను దాటగానే అంతా గప్‌చుప్. మనుషులు మెల్లగా మాట్లాడతారు, కుక్కలు రోడ్డు మధ్యలో పడుకుంటాయి, బండ్లే వాటిని చుట్టి పోతాయి. మగవాళ్ళు మోకాళ్ళ దాకా పెద్ద అంగీ తొడిగి నడుము దగ్గర బిగించి కడతారు. పొట్ట మీద అంగీ మడతలో ఒక సంచి అంత జాగా వస్తుంది. అందులో గిన్నె, తమలపాకులు, వక్కలు, ఒక్కోసారి చంటిపిల్ల కూడా ఉంటుంది. మనవాళ్ళకు జేబులు కొట్టేవాళ్ళ భయం ఉంటుంది గాని, అక్కడ జేబు కొట్టాలంటే మనిషినే ఎత్తుకుపోవాలి. కూరలో మిరపకాయ వేయరు. మిరపకాయే కూర. దాన్ని జున్నులాంటి దాంతో ఉడికించి, మనం వంకాయ తిన్నట్టు గుత్తులు గుత్తులు తింటారు, పసిపిల్లలతో సహా. చాయ్‌లో చక్కెర వేయరు, ఉప్పూ వెన్నా వేస్తారు. దాన్ని చాయ్ అనుకుని తాగితే ఏడుపొస్తుంది, చారు అనుకుని తాగితే బాగుంటుంది. ఎండిన జున్ను ముక్కలు దారానికి గుచ్చి దుకాణాల్లో దండలుగా వేలాడదీస్తారు. ఒక ముక్క నోట్లో వేసుకుంటే కొండ ఎక్కి దిగవచ్చు, ముక్క మాత్రం అట్లాగే ఉంటుంది. బాణాల ఆట ఆడతారు. గురి కంటికి కనబడనంత దూరంలో ఉంటుంది, దాని పక్కనే ఎదుటి జట్టువాళ్ళు నిలబడి కొట్టేవాణ్ణి వెక్కిరిస్తూ గంతులు వేస్తారు. బాణం వస్తుంటే పక్కకు జరుగుతారు. తప్పుకోవడం రానివాళ్ళు ఆ దేశంలో మిగల్లేదని కాక అనేవాడు. ఇళ్ళ గోడల మీద కొన్ని బొమ్మలు గీసి ఉంటాయి. తాతగా నేను అవి ఏమిటో రాయలేను. చూసినప్పుడు నవ్వకు, ఫోటో తీసి మీ నాన్నకు పంపకు. దిష్టి తగలకుండా గీస్తారు, అంతే. ఇక చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. అక్కడ ఎవరికైనా తినడానికి ఏదైనా ఇస్తే, మొదటిసారి తీసుకోరు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కాస్త వెనక్కి వంగి, "మెషు మెషు" అంటారు. అది వద్దనడం కాదు, మర్యాద. రెండోసారి అడగాలి. రెండోసారి అడగకుండా ఆ దేశంలో ఎవరూ ఉండరు. అడుగు బిడ్డా, అడిగి చూడు.

ఈ చివరి మాటల కింద రెండు గీతలు గీశాను. చాదస్తం అనుకున్నారు ఇంట్లో.

ఇస్లాపూర్ స్టేషన్‌కు నడిచి పోయేంత దూరంలో ఉండేది మా ఊరు. మా ఇంట్లో ముందుగది పత్తిది. పత్తి తీతలు మొదలయ్యాక మనుషులు పడసాలలోకి జరగాల్సిందే. పత్తికి ఒక వాసన ఉంటుంది, ఎండిన ఆకుదీ, దుమ్ముదీ, నూనెగింజదీ కలిసిన వాసన. మా చిన్నప్పటి బట్టలకూ, అన్నానికీ అదే వాసన. మా నానమ్మ కోడి కూయకముందే లేచి వాకిలి చల్లేది, తరువాత పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కొట్టేది. ఆ చప్పుడుకే నేను లేచేవాణ్ణి. చప్పుడులో తేడా వస్తే నానమ్మకు ఒంట్లో బాగాలేదనో, కోపంగా ఉందనో తెలిసిపోయేది. మా నాయనను మేము బాపు అనేవాళ్ళం. బాపుకు ఒకడే తమ్ముడు, గంగారాం కాక. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. కాబట్టి కాక అనేది వరసకే, మేమిద్దరం ఒకే కంబళి కింద పడుకుని పెరిగినవాళ్ళం.

ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. పత్తిగది ఖాళీగా ఉంది. కాక పని వెతుక్కుంటానని నాందేడ్ వచ్చాడు. ఇక్కడి నుంచి ఒక కార్డు ముక్క రాయించి పంపాడు: దూరం రోడ్డు పనికి పోతున్నాను, కూలీల ముకద్దం తిండి పెడతాడు, రంది పడకండి. అంతే. ఎక్కడికో లేదు. ఆ తరువాత ఏ కబురూ లేదు. ఆ కూలీల గుంపులో మా దిక్కు మనిషి ఒక్కడూ లేడు, అడుగుదామంటే ఎవర్ని అడగాలి? ఆ రెండేళ్ళు మా ఇంట్లో అందరి చెవులూ స్టేషన్ వైపే. రైలు కూత వినబడితే నానమ్మ చేతిలో రొట్టె కొంచెం సేపు ఆగేది, మళ్ళీ మొదలయ్యేది. ప్రతి సాయంత్రం ఆఖరి రొట్టెను మడిచి ఉట్టి మీద పెట్టేది. అది కాకది. పొద్దున దాన్ని తీసి బర్రెకు వేసేది. మేమెవరం ముట్టేవాళ్ళం కాదు. ఒకరోజు బాపు ఆపుకోలేక, "అవ్వా, మన బర్రెకు మంచి రోజులచ్చినయి" అన్నాడు. నానమ్మ తలెత్తకుండా, "వాడచ్చినంక దానికి బందు" అంది. బాపు లేచి పోయి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

బర్రెకు బందు అయిన రోజు నాకు బాగా గుర్తు. కాక నడుముకు దుప్పటి లాంటి గీతల ఉన్ని గుడ్డ చుట్టుకుని, మెడలో తెల్లటి రాళ్ళ దండ వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. చిక్కిపోయాడు. నానమ్మ ఏడవలేదు. ఉట్టి మీది రొట్టె తీసి చేతిలో పెట్టింది. కాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "తినురా, బక్కగయినవ్" అని నానమ్మ కసిరింది. అప్పుడు తిన్నాడు. ఆ చెయ్యిని అప్పుడు మేమెవరం పట్టించుకోలేదు. కన్నతల్లి గదా, ఒకసారి అని ఊరుకుంటుందా?

ఆ దండలోవి రాళ్ళు కాదు, జున్నే. నాకొక ముక్క ఇచ్చాడు. పొద్దున చేనుకు పోతూ బుగ్గన పెట్టుకుంటే సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నా పన్ను కదిలింది గాని అది కరగలేదు. ఊరి పెద్దమనిషి ఒకాయన నోట్లో వేసుకుని, ఉమ్మేసి, "గిది సబ్బు" అని తీర్పు చెప్పాడు. ఇస్లాపూర్‌లో చాయ్ హోటల్ ముందు కాక కూర్చుంటే జనం చేరేవాళ్ళు. "ఏ దేశం అంటివి? భూతాల దేశమా?" "భూటాన్." "అక్కడ మిర్చి కూర ఏ జైల్ల పెడ్తరే గంగారాం?" "జైల్ల గాదు, ఇండ్లల్ల." "మరి గోడల మీద గవి గీస్తరంటివి, ఆడోళ్ళు చూడరా?" "ఆడోళ్ళే గీపిస్తరు." ఇక నవ్వులు చూడాలి. నేను పక్కన నిలబడి పళ్ళు కొరుక్కునేవాణ్ణి. మా నానమ్మకు మాత్రం అందులో వింత ఏమీ కనబడలేదు. "మనం గుమ్మడికాయ కడ్తం, వాళ్ళు గది గీస్తరు. ఎవ్వల దిష్టి వాళ్ళది" అంది. కాలం చల్లబడ్డాక కాక రాళ్ళను నిప్పుల్లో ఎర్రగా కాల్చి, కుడితి తొట్టిలో నీళ్ళు పోసి అందులో పడేసి, ఆ నీళ్ళలో కూర్చున్నాడు. అక్కడ అట్లా స్నానం చేస్తే ఒళ్ళునొప్పులు పోతాయట. ఒళ్ళునొప్పులు పోయాయేమో గాని బర్రె ఆ తొట్టి వైపు చూడటం మానేసింది. ఊరికి ఇంకో కథ దొరికింది. జైలు అనే మాట మొదట హోటల్ ముందు నవ్వుతూ పుట్టింది. తరువాత నవ్వు పోయింది, మాట మిగిలింది.

అట్లాంటి రోజుల్లో సంబంధం వచ్చింది. నాయ్‌గావ్ అవతలి ఊళ్ళో నర్సు పటేలు అనే రైతు, ఆయన కూతురు రుక్మ. మా కంటే కాస్త గట్టి ఇల్లు. పిల్లను చూసి వచ్చిన నానమ్మ ఆ రోజు రొట్టెలు కొట్టిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది, అంత హుషారు. రుక్మ నాకంటే రెండేళ్ళు చిన్నది. పెళ్ళయితే ఆమెను నేను చిన్నమ్మా అని పిలవాలి. "చిన్నదాన్ని చిన్నమ్మ అని పిలుస్తవారా?" అని కాక నన్ను ఆటపట్టించేవాడు, తనకే సిగ్గు వేసి కంబళి కప్పుకునేవాడు. సాఖర్‌పుడా ముహూర్తం పెట్టుకున్నారు. మరాఠీ వాళ్ళ నుంచి మాకు వచ్చిన పద్ధతి అది. పిల్ల తండ్రి చక్కెర పెడతాడు, పిల్లవాడు నోట్లో వేసుకుంటాడు, నోరు తీపి అయితే మాట ఖాయం. అప్పటికి చక్కెర మా ఇళ్ళలో పండక్కి కూడా కనబడేది కాదు, బెల్లమే. ఇప్పుడు ఈ నాందేడ్ ఫంక్షన్ హాళ్ళలో సగం తిన్న మిఠాయి ప్లేట్లు డ్రమ్ముల్లో పారేయడం చూస్తే, ఒక చిటికెడు చక్కెరకు అంత బరువు ఎట్లా ఉండేదో పిల్లలకు చెప్పలేను.

మాకు ఒకటే భయం. అక్కడ కాక నోరు తెరిచి ఆ దేశం సంగతి ఎత్తుతాడేమోనని. ముందురోజు బాపు కాకను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"తమ్మీ, నీ కాళ్ళు మొక్కుత. ఆ దేశం ముచ్చట అక్కడ తియ్యకు."

"తియ్యనన్నా."

"మిర్చి కూర?"

"తియ్య."

"గోడల బొమ్మలు?"

"అన్నా, తియ్యనంటున్న గదా! నోరు మూసుకొనే ఉంట, సరేనా?"

నోరు మూసుకునే ఉన్నాడు. అదే మా ఖర్మ.

నర్సు పటేలు ఇంటి ముందు సత్రంజి పరిచి కూర్చోబెట్టారు. కాక పక్కన నేను, నోరు జారితే తొడ మీద గిచ్చమని బాపు పెట్టిన కావలి. ఆడవాళ్ళంతా లోపలి తలుపు దగ్గర. పటేలు కాకను ఎగాదిగా చూసి, "రెండేండ్లు యాడున్నవ్ పిల్లగా?" అన్నాడు. కాక, "రోడ్డు పని, మామా" అని ఊరుకున్నాడు. బాపు గాలి పీల్చుకున్నాడు. వానల సంగతి, పత్తి సంగతి అయ్యాయి. పటేలు లేచి ఇత్తడి పళ్ళెంలో చక్కెర తెచ్చి కాక ముందు వంగాడు. అప్పుడు కాక రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, తల వంచి, కొంచెం వెనక్కి జరిగాడు.

దగ్గు వస్తోందేమో అనుకున్నాను. ఆయన కళ్ళు ఎటున్నాయో నేను చూడలేదు, అందరూ చూసినట్టే నేనూ చేతులనే చూశాను. పళ్ళెం అట్లాగే గాలిలో ఉంది. పటేలు మెల్లగా నడుము లేపి, "మంచిది" అన్నాడు. పళ్ళెం తీసుకుని వెనక్కి తిరిగాడు. అప్పుడు గాని కాకకు అర్థం కాలేదు. చెయ్యి తీసి, చాపి, "మామా, పెట్టుండ్రి" అన్నాడు. పటేలు తిరిగి చూడలేదు. "చెయ్యి అడ్డం పెట్టిన నోట్లె నా చెక్కర పొయ్యను" అన్నాడు. మా వైపు చక్కెర ఒక్కసారే పెడతారు. వద్దంటే పిల్లను వద్దన్నట్టు. నిండు పంచాయతీలో, పిల్ల తలుపు చాటున ఉండగా.

నేను లేచి అరిచాను. అది ఆ దేశం మర్యాద అన్నాను, రెండోసారి అడగాలి అన్నాను. ఇప్పటిదాకా దాచిందంతా నేనే ఎత్తిపోశాను. "ఏ దేశం?" అన్నాడు పటేలు బంధువు ఒకడు. "జైలు దేశమా?" సత్రంజి మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. బాపు నా చెయ్యి పట్టి లాగాడు.

దారిలో బండి మీద కాక చెప్పాడు. అక్కడ చలికి జ్వరమొచ్చి పడిపోతే, గుంపు ముందుకు పోయిందట. ఒక ముసలమ్మ తన ఇంట్లో పెట్టుకుని ఆ చలికాలమంతా సాకింది. మొదటిరోజు గిన్నె ఇవ్వగానే ఆబగా లాక్కుని తిన్నాడట, ఇంటిల్లిపాదీ నవ్వారట. అప్పటి నుంచి ఆ ముసలమ్మే నేర్పింది. "ఒక్కసారికే తింటే తిండికి అచ్చినట్టు అన్నా. మంచి ఇండ్లల్ల గట్ల తినరు." మళ్ళీ తనే, "వాళ్ళది మంచిల్లు అనుకున్న" అన్నాడు. బాపు ఎడ్లను అదిలించాడు.

కొన్నాళ్ళకు నేను ఒక్కణ్ణే నర్సు పటేలు ఇంటికి పోయాను. బతిమాలాను, కోపంగానే బతిమాలాను. ఆయన చెడ్డవాడు కాదు. నా మాటలన్నీ విని, చుట్ట ఆర్పి, "దేశం చూపియ్యి, పిల్లనిస్త" అన్నాడు. ఏం చూపించను? బెల్లం పొట్లాల్లో దేశం కోసం వెతికాను, దొరకలేదు. మరుసటి కోతలకు రుక్మకు నాయ్‌గావ్‌లో ఒక దుకాణం ఆయనతో పెళ్ళయింది. మంచివాడేనట. కాక ఆ తరువాత ఆ దేశం పేరు ఎత్తలేదు. హోటల్ ముందు కూర్చోలేదు. ఎండాకాలం మాత్రం అందరూ వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తే ఆయన ఆ దేశం పద్ధతిలో ఇంటి కప్పు మీద ఆరబోసేవాడు.

ఆఖరు వారాల్లో కాక నా దగ్గరే ఉన్నాడు. మనుషులను గుర్తుపట్టడం తగ్గింది. మా కోడలు సునీత గంజి చెంచా నోటి దగ్గరకు తెస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. "మామా, తాత తింటలేడు" అని భయపడుతూ వచ్చేది. "ఇంకోసారి అడుగమ్మా" అనేవాణ్ణి. అడిగేది. చెయ్యి తీసి, నోరు తెరిచేవాడు. అంత మరిచిపోయిన మనిషి దాన్ని మరవలేదు. అది నేను నా కళ్ళతో చూశాను. అయినా శ్రావణి విమానం ఎక్కిన రోజు నుంచీ నాకు నిద్ర లేదు. జ్వరంలో ఆ ముసలమ్మ ఆయనకు ఒక్కడికే నేర్పిన పద్ధతి అయితే? ఒక ఇంటి అలవాటును ఆయన ఒక దేశం మర్యాద అనుకుని ఉంటే?

అక్కడి నుంచి శ్రావణి రోజూ ఏదో ఒకటి పంపేది. "తాతా, మిర్చి కూర నిజం. మా ఆఫీసు రేణుక ఏడ్చింది." "తాతా, కుక్కలు నిజం." "తాతా, గోడలు కూడా నిజం, నాన్నకు పంపలే." అసలుది మాత్రం పంపదు. నేను అడగను. అడిగితే ఏం చెబుతుందో. చివరికి ఒక మధ్యాహ్నం వీడియో వచ్చింది. వాళ్ళు దిగిన ఇంటి పెద్దాయన, అంగీ తొడుక్కుని పొయ్యి పక్కన కూర్చుని ఉన్నాడు. శ్రావణి స్నేహితురాలు రేణుక నాందేడ్ నుంచి తీసుకుపోయిన లడ్డూ డబ్బా తెరిచి ముందు పెట్టింది. పెద్దాయన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, తల వంచి, కొంచెం వెనక్కి జరిగాడు. ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని డబ్బా వెనక్కి లాక్కుంటోంది. వెనక నుంచి మా శ్రావణి గొంతు, "పరత్ విచార్ గే, ఇంకోసారి అడుగు!" ఆ పిల్ల మళ్ళీ చాపింది. పెద్దాయన కళ్ళతో నవ్వి, ఒక లడ్డూ తీసుకున్నాడు.

అదే వంపు. అవే చేతులు. ఆ రోజు కాక సత్రంజి మీద కూర్చున్నట్టే.

ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో. సంతోషం కంటే నాకు కోపమే ఎక్కువ వచ్చింది. రెండేళ్ళు అక్కడ బతికి వచ్చిన మనిషి నోటితో చెబితే నమ్మనివాళ్ళు, అరచేతిలో బొమ్మ కదిలితే క్షణంలో నమ్ముతారు. ఇంట్లో అందరికీ చూపించాను, అందరూ "అరే, నిజమే" అన్నారు. ఎంత తేలిక! ఇదే నా చేతిలో అప్పుడు ఉండి ఉంటే? "దేశం చూపియ్యి" అన్న నర్సు పటేలు లేడు. చూడాల్సిన కాక లేడు. జైలు అని నవ్విన వాళ్ళలో ఎవరూ లేరు. మిగిలింది తలుపు చాటున ఉన్న మనిషి ఒక్కతే. తనను నిండు సభలో వద్దన్నాడనుకునే ఆమె ఇన్నేళ్ళూ బతికి ఉంటుంది. ఆ మాట తలుచుకుంటే నా ఒళ్ళు మండింది. అది కాక మీద పడ్డ మచ్చ కంటే పెద్ద అన్యాయం అనిపించింది.

సునీత పుట్టిల్లు నాయ్‌గావే. వాళ్ళమ్మా, రుక్మాబాయీ ఒకే గల్లీ, అప్పడాలు కలిసి చేసుకుంటారు. సంగతి చెబితే సునీత గాబరాపడింది. "వద్దు మామా. ఆమెకు పెద్ద పెద్ద కొడుకులున్నరు. మనుమలున్నరు. ఏమనుకుంటరో." అది నిజమే, నాకూ ఆ భయం ఉంది. ఉన్నా, ఆగలేకపోయాను. తిరిగొచ్చిన శ్రావణి పక్కన కూర్చుని ఫోను పట్టుకుంటే వీడియో కింద నా మాట కూడా చెప్పి పంపాను. ఏమని పిలవాలో తెలియక 'అమ్మా' అన్నాను. ఆ రోజు మా కాక మిమ్మల్ని వద్దనలేదు, ఆ దేశంలో మర్యాద ఇట్లా ఉంటుంది, చూడండి, ఇంతే చెప్పాను.

సునీత వాళ్ళమ్మ ఫోను తీసుకుపోయి చూపించిందట. రుక్మాబాయి మొత్తం చూసి, ఏమీ అనకుండా ఫోను వెనక్కి ఇచ్చి, లోపలికి పోయిందట. అంతే. రెండో రోజు అప్పడాలకు రాలేదట. ఇక నా పరిస్థితి చెప్పకూడదు. చల్లారిన బూడిద ఎందుకు కెలికాను? చివరి రోజుల్లో ఒక ముసలామె మనసు ఎందుకు కష్టపెట్టాను? ఫోను మోగితే ఆమె కొడుకేమో అని ఉలిక్కిపడేవాణ్ణి, మోగకపోతే ఆమెకేమైనా అయిందేమో అని ఉలిక్కిపడేవాణ్ణి. రైలు కూతకు నానమ్మ చెయ్యి ఎందుకు ఆగేదో నాకు ఈ వయసులో తెలిసింది.

నిన్న పొద్దున జవాబు వచ్చింది. సునీత ఫోను నా చెవి దగ్గర పెట్టింది. వెనక అప్పడాలు ఒత్తే చప్పుడు వినబడుతోంది. ఆమె అన్నది అన్నట్టు రాస్తున్నాను:

"అమ్మా అని పిలిచినవ్. గట్లెందుకు? ఆ పొద్దు మా నాయిన ఇంకోసారి అడిగి ఉంటె నన్ను చిన్నమ్మా అని పిలుస్తుంటివి. గట్లనె పిలువు, ఇప్పుడు కాదనేటోళ్ళు ఎవ్వలున్నరు. నువ్వు పంపిన దేశం చూసిన. మంచిగున్నది. గని నాకు చూపియ్యాల్సిన పనిలేకుండె. ఆ పొద్దు మీరందరు ఆయన చేతులు చూసిండ్రు. నేను తలుపు సందుల నుంచి కండ్లు చూసిన. చేతులు వద్దంటున్నయి, కండ్లు మాత్రం చెక్కర మీద నుంచి కదుల్తలెవ్వు. ఇంకోసారి అడుగు నాయినా, తింటడు అనే మాట నోటిదాక అచ్చింది. ఆడివిల్ల అంతమందిల ఎట్లంటది? నేను గూడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న కొడుకా. నన్ను గూడ ఎవ్వలు రెండోసారి అడుగలె."